పాత ఫ్లాపీల్లోని సొంత ప్రోగ్రాములను బయటికి తీసే పద్ధతి

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు పాత ఇండ్లల్లో అటకల మీద, ఇనుప బీరువాల అడుగున ఫ్లాపీ డబ్బాలు ఇంకా దొరుకుతున్నాయి. మార్కెట్ యార్డులో అడ్తి లెక్కల కోసమో, చిట్టీ ఖాతాల కోసమో, జిన్నింగు మిల్లు కూలీల పట్టీ కోసమో, బడి మార్కుల కోసమో ఎవరో కూర్చుని రాసుకున్న ప్రోగ్రాములు వాటిలో ఉంటాయి. అప్పటి ఆర్‌ఈసీ, 2002 నుంచి నిట్ అయిన కాలేజీలో చదువుకున్నవాళ్ల ప్రాజెక్టు ఫ్లాపీలు కూడా కనిపిస్తాయి. డాస్, లోటస్, వర్డ్‌స్టార్ లాంటి కంపెనీ సాఫ్ట్‌వేర్లు లోకంలో ఎక్కడైనా దొరుకుతాయి. కలంతో 'మిర్చి ఖాతా' అని రాసి ఉన్న ఫ్లాపీకి మాత్రం రెండో కాపీ ఎక్కడా ఉండదు. అందుకే పనంతా చేతిరాత లేబుళ్ల నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో మాట ముందే చెప్పాలి. పాడవుతున్న ఫ్లాపీ ఒక్కసారే చదవనిస్తుంది. 'పనిచేస్తుందో లేదో చూద్దాం' అని పాత కంప్యూటర్‌లో పెట్టి డైరెక్టరీ చూడడమే చాలా ఫ్లాపీల చివరి గడియ. శుభ్రం చేయకుండా, పూర్తి కాపీ తీసే ఏర్పాటు లేకుండా ఏ ఫ్లాపీనీ ఏ డ్రైవులోనూ పెట్టకండి.

ఏరడం, తాళం వేయడం

ప్రతి ఫ్లాపీకి ఒక నంబరు ఇవ్వండి. ఆ నంబరును ఫ్లాపీ మీద కాకుండా కాగితం కవరు మీద రాయండి. ఫ్లాపీ మీద బాల్ పెన్నుతో గట్టిగా రాస్తే లోపలి పొర మీద గీత పడుతుంది. లేబుల్‌ను రెండు వైపులా ఫోటో తీయండి. ఎండకు పాత జిగురు ఎండిపోయి ఉంటుంది కాబట్టి లేబుల్ ఊడిపోవడం మామూలే.

తరువాత రాత తాళం. 5.25 అంగుళాల ఫ్లాపీకి పక్కన ఉన్న చదరపు గాటును అంటుపట్టీతో మూసేస్తే రాయడం ఆగుతుంది. 3.5 అంగుళాల దానికి ఇది తిరగబడి ఉంటుంది, చిన్న కిటికీ తెరిచి ఉంటేనే రాత ఆగుతుంది. ఈ తేడా మరిచి తాళం వేశామనుకుని కిటికీ మూసిపెట్టేవాళ్లు ఎక్కువ. గాటు మూయడానికి పారదర్శకమైన టేపు వద్దు, కొన్ని డ్రైవులు గాటును వెలుతురుతో పసిగడతాయి. నల్లటి ఇన్సులేషన్ టేపు వాడండి.

ఫ్లాపీల రకాలు ఇక్కడే గుర్తించాలి. మధ్య రంధ్రం చుట్టూ గట్టి రింగు ఉన్న 5.25 ఫ్లాపీ చాలావరకు 360 కేబీది, రింగు లేనిది చాలావరకు 1.2 ఎంబీది. 3.5లో రెండు మూలల రంధ్రాలుంటే 1.44 ఎంబీ, ఒకటే ఉంటే 720 కేబీ. బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రోలు (ఎకార్న్ కంపెనీ కంప్యూటర్లు) వచ్చాయి. బడి నుంచి వచ్చిన 5.25 ఫ్లాపీ పీసీది కాకపోవచ్చు. దాని సంగతి కింద చెబుతాం.

తేమ, బూజు, కలరా ఉండలు

మన దగ్గర ఫ్లాపీని చంపేది ఎండొక్కటే కాదు. రామగుండం వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే జూలై, ఆగస్టు ముసురు. ఎండకు అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు బలహీనపడుతుంది, ముసురుకు దాని మీద బూజు పడుతుంది. ఫ్లాపీలను తెచ్చిన రోజే చదవకండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు మూడు రోజులు ఉంచండి. బియ్యంలో పెట్టొద్దు, తవుడు ధూళి లోపలికి పోతుంది. ఎండలో ఆరబెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం అసలే వద్దు. చీరల బీరువాలో కలరా ఉండల పక్కన ఉన్న ఫ్లాపీలైతే ఉండలు తీసేసి, గాలి ఆడే నీడలో ఒక రోజు ఉంచాకే డబ్బాలో పెట్టండి. నాఫ్తలిన్ ఆవిరై మళ్లీ పొడిగా పేరుకునే గుణం ఉన్నది.

ఆ తరువాత తలకాయ (డ్రైవులో చదివే, రాసే భాగం) తగిలే కిటికీ నుంచి అయస్కాంత పొరను చూడండి. 5.25 అయితే మధ్య రంధ్రంలో శుభ్రమైన వేళ్లు పెట్టి మెల్లగా తిప్పుతూ, పక్క నుంచి టార్చి వేసి రెండు వైపులా చూడాలి. తెల్లటి చుక్కలు, సాలెగూడు లాంటి మరకలు ఉంటే బూజు. గుండ్రంగా మెరిసే గీత ఉంటే అక్కడ పొర లేచిపోయింది, ఆ ట్రాక్ (సమాచారం రాసే గుండ్రటి వరుస) తిరిగి రాదు. పొర మీద వేలు మాత్రం పెట్టొద్దు.

బూజు ఉన్న 5.25 ఫ్లాపీని కడగడం ఇలా. ఎన్95 మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. జాకెట్ (బయటి తొడుగు) పై అంచును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కత్తెరతో కత్తిరించండి. కత్తిరించే ముందు ఫ్లాపీని కిందికి తట్టి లోపలి పళ్లేన్ని అంచుకు దూరంగా జరపండి. పళ్లేన్ని బయటికి తీయకముందే లేబుల్ వైపున్న ముఖం మీద, మధ్య రంధ్రం పక్కన, మార్కర్‌తో చిన్న చుక్క పెట్టండి. తిరగేసి పెడితే రెండు ముఖాలు తారుమారై, తిరిగే దిశ కూడా ఎదురవుతుంది. అప్పుడు మంచి ఫ్లాపీ కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది.

డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం కలిపి, నూగు రాలని గుడ్డతో మెత్తగా తుడవండి. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మధ్య రంధ్రంలో పెన్సిల్ దూర్చి నీడలో ఆరనివ్వండి. మొండి మరకలకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికొస్తుంది, ల్యాబ్ కెమికల్స్ అమ్మే దుకాణాల్లో అడగండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ కలిసి ఉంటాయి. ఆల్కహాల్‌ను ముందు లోపలి అంచున కాటన్ బడ్‌తో రాసి చూడండి. బడ్‌కు గోధుమరంగు అంటితే పొర కరుగుతున్నట్టు, నీళ్లతోనే ఆపేయండి. ఆరిన పళ్లేన్ని పాత జాకెట్‌లో పెట్టొద్దు, దాని లోపలి గుడ్డ నిండా బూజే ఉంటుంది. అక్కరలేని ఇంకో ఫ్లాపీ జాకెట్‌ను కత్తిరించి అందులో పెట్టండి. పాత జాకెట్‌ను లేబుల్ కోసం దాచండి.

డ్రైవు, దాని వైర్లు

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు 1.44, 720 ఫ్లాపీలకు సరిపోతుంది. ఫ్లాపీ ఆరోగ్యంగా ఉంటే చాలు. 5.25కు, చెడిన 3.5కు, పీసీవి కాని వాటికి మాత్రం నిజమైన 34 పిన్నుల డ్రైవు, దాన్ని యూఎస్‌బీకి కలిపే గ్రీజ్‌వీజిల్ బోర్డు కావాలి. ఈ బోర్డు సెక్టార్లను (ట్రాక్‌లోని సమాచార ముక్కలను) కాకుండా అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణాన్నీ నమోదు చేస్తుంది. దీన్నే ఫ్లక్స్ రీడింగ్ అంటారు. డ్రైవుల కోసం సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లోని పాత సామాను దుకాణాలు, ఊళ్లో కంప్యూటర్ రిపేరు చేసేవాళ్ల అటకలు చూడాలి. ఒకటి కాదు, వీలైతే రెండు డ్రైవులు సంపాదించండి. ఒకటి చదవని దాన్ని ఇంకొకటి చదవడం తరచూ జరిగేదే, ఎందుకంటే రాసిన డ్రైవు తలకాయ ఆనాడు కొద్దిగా పక్కకు జరిగి ఉండొచ్చు.

5.25 డ్రైవుకు 5 వోల్టులతోపాటు 12 వోల్టులు తప్పనిసరి, యూఎస్‌బీ కరెంటు చాలదు. పాత హార్డు డిస్కులకు వాడే 12, 5 వోల్టుల అడాప్టరు, నాలుగు పిన్నుల పెద్ద ప్లగ్గు ఉన్నది, తీసుకోండి. 5.25కు అంచు మీద ఎక్కే కనెక్టరు, 3.5కు పిన్నుల కనెక్టరు ఉంటాయి. రిబ్బన్ కేబుల్ ఎర్ర గీత ఒకటో పిన్ను వైపు ఉండాలి. కరెంటు పెట్టగానే డ్రైవు దీపం ఆగకుండా వెలుగుతుంటే కేబుల్ తిరగబడింది, ఫ్లాపీ లోపల పెట్టకుండా ముందు అది సరిచేయండి. మెలిక తిరిగిన పీసీ కేబుల్ అయితే మెలిక దాటి ఉన్న చివరి కనెక్టరుకు తగిలించిన డ్రైవు 'ఏ' అవుతుంది.

డ్రైవు తలకాయలను ఆల్కహాల్ తడిపిన బడ్‌తో తుడవండి. పై తలకాయ సన్నని స్ప్రింగు రేకు మీద ఉంటుంది, దాన్ని ఎత్తి వంచితే ఆ డ్రైవు పనికిరాదు. పట్టాల మీద పాత గ్రీజు గట్టిపడి ఉంటే తుడిచి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేయండి. గ్రీజ్‌వీజిల్‌లో చక్రం వేగం కొలిచే కమాండు ఉన్నది. 360 కేబీ, 3.5 డ్రైవులు నిమిషానికి 300, 1.2 ఎంబీ డ్రైవు 360 చుట్లు తిరగాలి. ముందు అక్కరలేని ఫ్లాపీతో పరీక్షించాకే అసలువి ముట్టండి. డ్రైవును స్టెబిలైజర్, స్పీకర్ల పక్కన పెట్టొద్దు. కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ మీద నడపండి.

మొదటి రీడింగు

గ్రీజ్‌వీజిల్‌తో మొదట ఫ్లక్స్‌నే ఎస్‌సీపీ ఫైలుగా తీయండి, ఒక్కో ట్రాక్‌కు 5 చుట్లు. 360 కేబీ ఫ్లాపీకి 30, 40 ఎంబీ వస్తుంది, 1.44కు దాదాపు నాలుగు రెట్లు. సెక్టార్లుగా విడదీసే పని తరువాత ఈ ఫైలు మీదే ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, ఫ్లాపీని మళ్లీ తిప్పనక్కరలేదు. ఇంత చిన్న ఫైలును దాచడానికి వెనుకాడకండి.

360 కేబీ ఫ్లాపీని 1.2 ఎంబీ డ్రైవులో చదివేటప్పుడు తలకాయ రెండేసి అడుగులు వేయాలి, ఎందుకంటే ఆ డ్రైవులో 80 ట్రాకులు, ఫ్లాపీలో 40. స్టెప్ విలువ 2 అని ఇవ్వండి. ఇమేజీగా (ఫ్లాపీలోని సెక్టార్లన్నీ వరుసగా ఉన్న ఒకే ఫైలుగా) మార్చేటప్పుడు వేగాన్ని 300కు సరిచేసే ఆప్షన్ కూడా ఇవ్వండి. 1.2 డ్రైవులో 360 ఫ్లాపీ మీద ఎన్నడూ రాయకండి. దాని తలకాయ సన్నం, వెడల్పు ట్రాక్ మధ్యలో సన్నని గీత రాసి, రెండు పక్కలా పాత రాతను అలాగే వదులుతుంది. తొంభైల్లో చాలామంది ఈ పనే చేశారు. కాబట్టి 360 డ్రైవులో చదవని 360 ఫ్లాపీ 1.2 డ్రైవులో చక్కగా చదివితే ఆశ్చర్యపడొద్దు.

డ్రైవు శబ్దం వింటూ ఉండండి. 'కీచు'మంటే ఆ క్షణమే ఫ్లాపీ తీసేయండి. పొర రాలి తలకాయకు అంటుకుని, ఆ ముద్దే మిగతా పొరను గీరుతుంటుంది. తలకాయ తుడవకుండా వెంటనే ఇంకో ఫ్లాపీ పెడితే అది కూడా పోతుంది. బూజు ఫ్లాపీల వంతు వచ్చినప్పుడు ఒక్కోదాని తరువాత తుడవడం తప్పదు.

యూఎస్‌బీ డ్రైవుతో పనిచేసేవాళ్లు లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాము వాడాలి. బ్లాకు సైజు 512, మళ్లీ ప్రయత్నాలు 3, ఏ సెక్టార్లు చదివిందో రాసిపెట్టే మ్యాప్ ఫైలు తప్పనిసరి. మ్యాప్ ఉంటే అదే ఫ్లాపీని రెండో డ్రైవులో పెట్టి, మొదటిది వదిలేసిన సెక్టార్లను మాత్రమే చదివించవచ్చు. విండోస్ 'ఫార్మాట్ చేయాలా?' అని అడిగితే కాదనండి.

వచ్చిన ఇమేజీ సైజు బైటుతో సహా సరిపోవాలి: 360కు 3,68,640, 720కు 7,37,280, 1.2కు 12,28,800, 1.44కు 14,74,560.

బడి ఫ్లాపీ అయితే

బీబీసీ మైక్రో డీఎఫ్ఎస్ (ఆ మిషను ఫైళ్లు దాచే పద్ధతి) ఫ్లాపీలు సింగిల్ డెన్సిటీ, అంటే ఎఫ్ఎం పద్ధతిలో రాసినవి. ట్రాక్‌కు 256 బైట్ల సెక్టార్లు 10, 40 ట్రాకుల ఒక ముఖానికి 1,02,400 బైట్లు. యూఎస్‌బీ డ్రైవులు, చాలా పీసీ కంట్రోలర్లు ఎఫ్ఎం చదవలేవు, ఫ్లాపీ ఖాళీ అని చెబుతాయి. ఆ మాట నమ్మి పారేయకండి. గ్రీజ్‌వీజిల్‌లో ఎకార్న్ డీఎఫ్ఎస్ ఫార్మాట్లు ఉన్నాయి. ఫైళ్ల జాబితా మొదటి రెండు సెక్టార్లలో ఉంటుంది, 31 పేర్లకు మించదు. ఇమేజీని బీబ్‌ఎమ్ ఎమ్యులేటర్‌లో (బీబీసీ మైక్రోను అనుకరించే ప్రోగ్రాములో) తెరిస్తే ప్రోగ్రాములు అక్కడే నడుస్తాయి.

ఇమేజీ నుంచి ఫైళ్లు

ఎస్‌సీపీ, ఇమేజీ రెండింటికీ ఎస్‌హెచ్ఏ-256 (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి రాసిపెట్టి, ఇమేజీ కాపీ మీదే పని చేయండి. డాస్ ఇమేజీని సెవెన్-జిప్ తెరుస్తుంది, లినక్స్‌లో ఎమ్-టూల్స్ మేలు. ఫైళ్లకు 1980 జనవరి 1 తేదీ కనిపిస్తే అది నిజం కాదు. బ్యాటరీ గడియారం లేని మిషన్లలో తేదీ అడిగినప్పుడు ఊరికే ఎంటర్ కొట్టేవాళ్లు.

ఇమేజీ తెరుచుకోనప్పుడు హెక్స్ ఎడిటర్ (బైట్లను నేరుగా చూపే ప్రోగ్రాము) తీయాలి. 360 కేబీ ఫ్లాపీలో సెక్టార్ 0 బూట్, 1, 2 మొదటి ఫ్యాట్ (ఏ ఫైలు ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టిక), 3, 4 దాని నకలు, 5 నుంచి 11 వరకు ఫైళ్ల పేర్లు, 12 నుంచి సమాచారం. మొదటి ఫ్యాట్ చెడితే నకలును దాని మీదికి కాపీ చేయండి, చాలాసార్లు అంతటితో తెరుచుకుంటుంది.

తుడిపేసిన ఫైలులో పేరు మొదటి అక్షరం స్థానంలో హెక్స్ ఈ5 ఉంటుంది. ఫ్యాట్‌లో గొలుసు పోతుంది గానీ మొదటి క్లస్టరు నంబరు, సైజు పేరు పక్కనే మిగిలి ఉంటాయి. సొంత ప్రోగ్రాములు చిన్నవి, అయిదారు కేబీలు, తరచుగా వరుసగానే రాసి ఉంటాయి. ఈ ఫ్లాపీలో క్లస్టరు అంటే రెండు సెక్టార్లు, కాబట్టి క్లస్టరు నంబరులోంచి 2 తీసి, రెండుతో హెచ్చవేసి, 12 కలిపితే సెక్టారు వస్తుంది. క్లస్టరు 20 అంటే సెక్టార్ 48, ఇమేజీలో 24,576వ బైటు. అక్కడి నుంచి సైజు మేర కోసి కొత్త ఫైలుగా దాచండి. మధ్యలో వేరే ఫైలు ముక్క కనిపిస్తే గొలుసు వరుసగా లేదని అర్థం.

వైరస్‌లు కూడా ఉంటాయి, ఇమేజీగా ఉన్నంతవరకు వాటితో భయం లేదు. కానీ అవి చేసిన నష్టాన్ని గుర్తుపట్టాలి. 1986 నాటి బ్రెయిన్ వైరస్ మూడు మంచి క్లస్టర్లను చెడినవని గుర్తు పెట్టి అందులో దాక్కుంటుంది. స్టోన్డ్ వైరస్ అసలు బూట్ సెక్టారును రెండో ముఖంలోని మూడో సెక్టారులో పెడుతుంది. 360లో అది పేర్ల జాబితా చిట్టచివర, నష్టం తక్కువ. 1.2లో జాబితా మధ్యన పడి, 33 నుంచి 48 వరకు పేర్లు చెరిగిపోతాయి.

ఫ్లాపీలో బ్యాకప్.001, కంట్రోల్.001 అనే రెండే ఫైళ్లుంటే అవి డాస్ 3.3, ఆ తరువాతి బ్యాకప్ కమాండు చేసినవి. వరుసలోని ఫ్లాపీలన్నీ చదివాకే, అదే తరం డాస్‌లో రిస్టోర్ చేయాలి.

బేసిక్, డీబేస్, వర్డ్‌స్టార్

జీడబ్ల్యూ-బేసిక్ ఫైలు మొదటి బైటు హెక్స్ ఎఫ్ఎఫ్ అయితే మాటలన్నీ సంకేతాలుగా కుదించి ఉన్నాయి, నోట్‌ప్యాడ్‌లో సగం చెత్తగా కనిపిస్తుంది. ఎఫ్ఈ అయితే 'పీ' పెట్టి తాళం వేసినది. పీసీ-బేసిక్ అనే ఉచిత ప్రోగ్రాము రెండింటినీ తెరుస్తుంది. తెరిచి, సేవ్ కమాండు చివర కామా, 'ఏ' చేర్చి దాస్తే మామూలు అక్షరాలవుతాయి. పాత ఫైలును కూడా ఉంచండి.

బేసిక్ ప్రోగ్రాముల డేటా ఫైళ్ల దగ్గర చాలామంది తప్పుతారు. ఫీల్డ్ అనే వాక్యం ఉంటే అది నిర్ణీత పొడవు రికార్డుల ఫైలు, ఆ వాక్యమే దాని పటం. అందులోని దశాంశ సంఖ్యలు ఇప్పటి కంప్యూటర్ల ఐఈఈఈ పద్ధతిలో ఉండవు, మైక్రోసాఫ్ట్ పాత పద్ధతిలో ఉంటాయి. ఉదాహరణకు 1 అనే విలువ నాలుగు బైట్లుగా 00 00 00 81 అని ఉంటుంది. పైథాన్‌తో నేరుగా చదివితే అర్థంలేని అంకెలు వస్తాయి. పీసీ-బేసిక్‌లోనే పది లైన్ల ప్రోగ్రాము రాసి, ప్రతి రికార్డును అక్షరాల ఫైలుగా ముద్రించడం అన్నింటికన్నా నమ్మకమైన దారి.

డీబేస్ త్రీ ప్లస్ ప్రోగ్రాములు పీఆర్‌జీ ఫైళ్లు, మామూలు అక్షరాలే. డీబీఎఫ్ ఫైలు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటుంది. మొదటి బైటు 03 ఉండాలి, మెమో ఉన్న దానికి 83, అప్పుడు జోడుగా డీబీటీ ఫైలు కూడా వెతకండి. ఎన్‌డీఎక్స్ ఇండెక్సు పోయినా బెంగ లేదు, మళ్లీ కట్టుకోవచ్చు. రికార్డు మొదట్లో నక్షత్రం ఉంటే తుడిపేసినట్టు గుర్తు మాత్రమే, ప్యాక్ కమాండు ఇచ్చేదాకా లెక్క అక్కడే ఉంటుంది. మెయిన్ ప్రోగ్రాములో 'డూ' తరువాత వచ్చే ప్రతి పేరునూ రాసుకుని, అన్ని ఫైళ్లు దొరికాయో లేదో సరిచూడండి. 360 కేబీలో పట్టక ప్రోగ్రాములు ఒక ఫ్లాపీలో, ఖాతాలు ఇంకో దాంట్లో పెట్టేవాళ్లు. జత దొరికేదాకా పని అయినట్టు కాదు.

వర్డ్‌స్టార్ డాక్యుమెంట్ మోడ్‌లో కొట్టినవాటిలో మాటల చివరి అక్షరాలు వింత గుర్తులుగా కనిపిస్తాయి. ఆ బైట్లలో ఎనిమిదో బిట్ పెట్టి ఉంటుంది, ప్రతి బైటునూ హెక్స్ 7ఎఫ్‌తో ఆండ్ చేస్తే, అంటే ఆ బిట్ తీసేస్తే, మామూలవుతుంది. కోబాల్ ఫైళ్లను ఏ కొత్త ఎడిటర్ కూడా 'చక్కదిద్దకుండా' చూసుకోండి. ఏడో నిలువు వరుసలోని నక్షత్రం ఒక్క ఖాళీ జరిగినా ప్రోగ్రాము కంపైలు కాదు.

తెలుగు అక్షరాలుంటే

ఎనిమిదో బిట్ తీసేయడమనే పైపని తెలుగు ఫైలు మీద చేస్తే మొత్తం పోతుంది. సీ-డాక్ వారి జిస్ట్ కార్డుతో (కంప్యూటర్‌లో భారతీయ లిపుల కోసం పెట్టేది) కొట్టిన తెలుగు ఇస్కీ సంకేతాల్లో ఉంటుంది, తెలుగు అక్షరాల బైట్లు హెక్స్ ఏ1 నుంచి పైన. ఈఎఫ్ 45 అనే జంట కనిపిస్తే అది తెలుగు లిపి అని చెప్పే గుర్తు. భారతీయ లిపులన్నింటికీ ఇస్కీలో ఒకే పట్టిక కాబట్టి లిపి తప్పు ఎంచుకుంటే తెలుగు పేర్లు దేవనాగరిలో వస్తాయి, కంగారు పడకండి. ఐసీయూ అనే యూనికోడ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే యూకన్వ్‌తో యూనికోడ్‌లోకి మార్చవచ్చు. తరువాతి కాలపు ఫాంటు ఆధారిత ఫైళ్లు వేరు, ఏ ఫాంటుతో కొట్టారో తెలిస్తేనే మార్చగలం. ఫ్లాపీలో ఫాంటు ఫైలు ఉంటే దాన్ని తప్పకుండా దాచండి.

నడిపి చూడడం, అప్పగించడం

ఇమేజీని డాస్‌బాక్స్-ఎక్స్‌లో (పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాములో) 'ఏ' డ్రైవుగా పెట్టి నడపండి. చాలా ప్రోగ్రాములు 'బీ' డ్రైవులో ఖాతా ఫ్లాపీని అడుగుతాయి, దాని ఇమేజీ కాపీని అక్కడ తగిలించండి. వేగం ఎక్కువైతే ప్రోగ్రామును కాసేపు ఆపడానికి రాసిన లూపులు క్షణంలో అయిపోతాయి, సైకిల్స్ అనే వేగం సెట్టింగు తగ్గించండి. తేదీ రెండంకెల్లో అడిగితే ప్రోగ్రాము రాసిన నాటి సంవత్సరమే ఇవ్వండి, లేదంటే వడ్డీ లెక్కలు మైనస్‌లో వస్తాయి. ముద్రణను ఫైలులోకి మళ్లించి, ఇంట్లో పాత కాగితపు పట్టీ ఏదైనా మిగిలి ఉంటే దానితో మొత్తాలు సరిచూడండి. అంకె కలిస్తే ఆ ఫ్లాపీ పూర్తిగా బయటికి వచ్చినట్టు.

చిట్టీ ఖాతాల్లో, మార్కుల పట్టికల్లో ఇతరుల పేర్లు, అప్పులు ఉంటాయి. ఎవరికైనా పంచేముందు ప్రోగ్రామును, ఖాతాను వేరు చేసి, ఖాతా ఆ ఇంటివాళ్లకే ఇవ్వండి. ఎస్‌సీపీ, ఇమేజీ, తీసిన ఫైళ్లు, లేబుల్ ఫోటోలు, చెడిన సెక్టార్ల జాబితా ఒకే ఫోల్డరులో ఫ్లాపీ నంబరుతో ఉంచి, రెండు వేర్వేరు ఇండ్లలో రెండు డిస్కుల మీద పెట్టండి. ఫ్లాపీలను కొత్త కాగితం కవర్లలో నిలువుగా, సిలికా జెల్‌తో అదే స్టీలు డబ్బాలో దాచండి. పొట్లాలు రంగు మారితే, ముఖ్యంగా ముసురు రోజుల్లో, మార్చండి.